పిక్కల చప్పుడు

మా యూనివర్సిటీ వాళ్లకు ఉన్నట్టుండి చుట్టుపక్కల ఊళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ముసలివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసి దాచిపెడతారట. అక్కడి లైబ్రరీలో నేను అటెండర్‌ని. "మీ అమ్మగారితో మాట్లాడించవయ్యా" అన్నారు. నా బుద్ధి గడ్డి తిని మురిసిపోయాను.

అమ్మకు చెప్పుకోవలసింది ఒక్కటే. ఇప్పుడు లేడీస్ హాస్టల్ ఉన్నచోట మాకు జీడితోట ఉండేది. అందులో నాన్న ఒక్కడే రెండు వేసవులు కష్టపడి నుయ్యి తవ్వాడు. యూనివర్సిటీ మొదటి బిల్డింగులు ఆ నీళ్లతోనే కట్టారు. కుళాయిలు రాగానే నూతి మీద పలక వేసి, దానిమీద జనరేటర్ పెట్టారు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం.

"మీ అయ్య పేరు ఏ కాయితంలోనూ నేదు. ఇందులోనైనా ఉండాల" అంది అమ్మ.

చేతులు ఊరికే ఉంటే అమ్మకు మాట పెగలదు. కాల్చిన జీడిపిక్కలు ముందేసుకుని, చెక్క సుత్తితో ఒక్కోటీ కొడుతూనే ఏ కథైనా చెబుతుంది. మా ఊరి ఆడవాళ్లంతా అంతే. ఆరోజూ అరుగు మీద అలాగే కూర్చుని నూతి కథంతా చెప్పింది. రికార్డు చేస్తున్న మేడం మొహం చిట్లించి, "ఆ చప్పుడు ఆపించండి" అంది. నేనే, సిగ్గులేకుండా, అమ్మ చేతిలోంచి సుత్తి లాక్కున్నాను. అమ్మ బిగుసుకుపోయింది. యూనివర్సిటీ వల్ల ఊరికి వెలుగొచ్చిందా అని మేడం అడిగితే, "వొచ్చిందమ్మా" అని ఊరుకుంది.

తర్వాత సెమినార్ హాల్లో అందరి ముందూ వినిపించారు. వెలుగొచ్చిందన్న ముక్క ఒక్కటే ఉంది. చప్పట్లు కొట్టారు.

"మరి నుయ్యేదిరా?" అంది అమ్మ నావైపు తిరిగి.

మేడాన్ని అడిగాను. "అక్కడ చప్పుడు ఎక్కువగా ఉందండీ, తీసేశాం" అంది, అన్నంలో రాయి ఏరేసినట్టు. నిలదీయబోయాను. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అమ్మ మూసుకోలేదు. హాల్లోనే లేచి అరిచింది. పరువు పోతుందనుకున్నారో ఏమో, వారం తిరక్కుండా మేడం మళ్లీ మా ఇంటికొచ్చింది. అమ్మ పీట వేసింది, టీ ఇచ్చింది. మైకును తన ముందుకు జరుపుకుని, పిక్కల చేట లాక్కుని కొట్టడం మొదలెట్టింది. ఒక్క మాట లేదు. మేడం చూసి చూసి, "చెప్పండమ్మా" అంది.

"సెప్పీసినాను. మీరు పారీసినారు. అప్పుడు మీకు అడ్డొచ్చిన సప్పుడు ఇదే. పట్టుకెళ్లండి."

చేట ఖాళీ అయ్యేదాకా కొట్టింది. ఈసారి నేను సుత్తి ముట్టుకోలేదు.