కాక అనకుండా పోయిన మాట

మా టైలర్ కాక పోయాడని నాకు చెప్పినప్పుడు ఆయన భార్య, మా చిన్నమ్మ, కుట్టు మిషను మీద నుంచి చెయ్యి కూడా తీయలేదు. ఆయన చనిపోయిన దేశం పేరు పలకడం ఆమెకు సరిగ్గా రాదు. పరాయివాళ్ల చేతుల మీదుగా అక్కడే ఖననం జరిగిందట. ఆ కబురు చెప్పిన మనిషి ఎవరో కూడా ఆమెకు తెలియదు.

"సచ్చేముందైనా ఆ మాట అన్నడా అని అడిగిన పీరయ్యా. అనలేదట" అంది.

ఆ మాటేమిటో చెప్పాలంటే ముందు కాక ఎవరో చెప్పాలి. పేపర్లు చదివినవాళ్లకు ఆయన దేశం విడిచిపోయిన మతవాది, ఉగ్రవాదులను ఎగదోశాడని కేసున్నవాడు. మాకు మాత్రం సెంటినరీ కాలనీ గేటు ముందు రేకుల ఇంట్లో యూనిఫాంలు కుట్టే మనిషి. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే కబుర్లు చెప్పేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగగానే చాయ్ గ్లాసు మీద అరచెయ్యి మూసేవాడు. పేలుడు అదురుకు రేకుల నుంచి దుమ్ము రాలేది. "బొగ్గు వాళ్లకు, దుమ్ము మనకు" అని నవ్వేవాడు.

పీర్ల పండుగకు పెద్ద పీరును ఎత్తుకునేది ఆయనే. పిల్లలు నిలవక మా అమ్మ ఆ పీరుకు మొక్కుకుంది. నేను పుట్టాక పీరయ్య అని పేరు పెట్టి, తీసుకెళ్లి ఆయన చేతుల్లోనే పెట్టిందట. కాస్త పెద్దయ్యాక నన్ను భుజాన వేసుకుని నిప్పుల గుండం చుట్టూ తిప్పేవాడు. వేడికి నేను ఏడిస్తే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న గద" అనేవాడు. మా నాన్న గనిలో కాలు విరిగి దవాఖానలో పడ్డప్పుడు దుకాణం మూసేసి మంచం పక్కనే కూర్చున్నాడు. మూత్రం సీసా కూడా ఆయనే ఎత్తిపోశాడు. నాన్న బతికినన్నాళ్లూ అది మరవలేదు. నేనూ మరవలేను, అదే నా ఖర్మ.

తర్వాత కుట్టుపనికని గల్ఫ్ పోయాడు. అక్కడ ఎవరి దగ్గర కూర్చున్నాడో, ఏం చదివాడో, సెలవుకు వచ్చింది మాత్రం వేరే మనిషి. పీరును ఎత్తడం పాపమన్నాడు. చచ్చినవాళ్ల పేరిట నలభయ్యో రోజు ఫాతెహా చదివి అన్నం పెట్టడమూ తప్పేనన్నాడు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "పేరు మార్చుకో బిడ్డా. కట్టెకు మొక్కితే వచ్చిన పేరది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అందుకే ఎక్కువ నొచ్చింది. ఎత్తేవాళ్లు లేక మా దగ్గర ఆ పండుగ ఆగిపోయింది. గుండం పూడ్చిన చోట ఇప్పుడు ఆటోలు నిలుపుతున్నారు.

మళ్లీ పోయినవాడు ఇక రాలేదు. ఆయన ఉపన్యాసాలు మాత్రం ఫోన్లలో వచ్చేవి. కొన్నేళ్లకు ఎక్కడో ఒక బజారులో బాంబు పెట్టారు. కూరగాయలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు పోయారు. పట్టుబడ్డ కుర్రాళ్లు కాక మాటలు విని ఈ దారి పట్టామన్నారు. ఆ ఉపన్యాసాలన్నీ విన్నాను. చంపమని ఆయన ఎక్కడా అనలేదు. పోయినవాళ్ల సంగతి ఎవరైనా అడిగితే ఎక్కడెక్కడి అన్యాయాలో ఏకరువు పెట్టేవాడు. అవి అబద్ధాలని నేననను. కానీ ఆ కూరగాయల సంచుల దగ్గరికి మాత్రం వచ్చేవాడు కాదు. నేరముందో లేదో కోర్టు తేల్చలేదు, నాకూ తెలియదు. ఆ గొంతు మాత్రం "నేనున్న గద" అన్న గొంతే.

ఒకసారి నా ముందే చిన్నమ్మ ఆయన్ని ఫోన్లో నిలదీసింది. నేను సాక్షిగా ఉండాలని కాబోలు, స్పీకర్ పెట్టి, ఉర్దూ వదిలి తెలుగులోనే అడిగింది.

"బజార్ల జరిగింది తప్పని ఒక్క మాట అను. ఈడ నేను మంది మొకం చూడాలె."

"నీకు రాజకీయం తెల్వది" అన్నాడు.

"రాజకీయం కాదు. మనుషులు సచ్చిండ్రు. తప్పా, కాదా?"

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఆమె అదే అడిగేది. చివరికి ఆయన ఫోన్ చేయడమే మానేశాడు. ఇక్కడ ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లూ మానేశారు.

మొన్న నలభయ్యో రోజు వచ్చింది. కాక వద్దన్న ఫాతెహాకే చిన్నమ్మ బగారన్నం, దాల్చా వండింది. తెలిసినవాళ్లందరినీ పిలిచింది. ఆమె చుట్టాలకు పోలీసుల భయం, కాలనీవాళ్లకు ఆయన పేరెత్తితేనే మంట. నేనొక్కణ్ణే పోయాను. ఆమె ఊదు వేసి, తనకు వచ్చినంత తానే చదువుకుంది. ఊదు ముందు ఒక్కటే పళ్లెం పెట్టింది.

"కాకకు బగారన్నమంటే పానం గదా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఇది ఆయనకు కాదు బిడ్డా. ఆయన వద్దన్నడు గద, ఎట్ల పెడత? ఇది ఆ బజార్ల పోయినోళ్లకు." పళ్లెం సర్దుతూ మళ్లీ అంది: "వాళ్ల పేర్లు సుత నాకు తెల్వయి."

మరి ఆయనకేం చెయ్యాలని ఆమె అడగలేదు.

అప్పుడే సైరన్ మోగింది. చిన్నమ్మ ముందుకు జరిగి ఆ పళ్లెం మీద రెండు అరచేతులూ మూసింది. ఇల్లు అదిరింది. రేకుల నుంచి దుమ్ము ఆమె చేతుల మీద రాలింది. పేలుళ్లు ఆగిపోయాక కూడా ఆమె చేతులు తీయలేదు.