స్ప్లింట్ మీద ఉంగరం గుర్తు

జూన్ 14, శనివారం. ఉదయం ఏడు గంటలు. హాజరు: నేను, నా భార్య అనసూయ, ఆమె తమ్ముడు రాజలింగం.

ఆ ఉదయం నా కుడి అరచేతిని బల్ల మీద పరిచాను. పూర్తిగా ఆనలేదు. మధ్యవేలి కణుపు కింద సందు కనబడింది. స్టీలు స్కేలు నిలబెట్టి కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు. నెల కింద ఆస్పత్రిలో చూసినప్పుడు ఇదే చేయి బల్లకు అతుక్కుని ఉంది.

టీ తాగుతున్న రాజలింగం వంగి చూశాడు. "అప్పడం లెక్క ముడుసుకుంటున్నది బావా. కొత్త తోలు గదా, సర్దుకుంటది. ఫికర్ చెయ్యకు" అని నవ్వాడు.

ఎందుకు ముడుచుకుందో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. తెలిసే నవ్వాడు. నేనిది రాయడానికి సగం కారణం నాలాంటి రోగులకు పనికొస్తుందని. మిగతా సగం ఆ నవ్వు.

కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. ఎర్రగా కాలిన కడ్డీల మధ్య తిరిగినా ఒంటి మీద ఒక్క బొబ్బ రాలేదు. ఫిబ్రవరిలో మా వంటింట్లో మిర్చి బజ్జీల మూకుడు పొయ్యి మీంచి జారుతుంటే కుడిచేత్తో ఆపబోయాను. నలభై నాలుగేళ్లుగా రోజుకో పేజీ డైరీ రాసిన చేయి అది.

తొడ నుంచి పలుచగా చర్మం తీసి అరచేతికి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. ఐదో రోజు కట్టు విప్పి ప్లాస్టిక్ సర్జన్ అన్నారు: "గ్రాఫ్ట్ బాగా పట్టిందండీ. కానీ దీని గుణమే ముడుచుకోవడం. వదిలేశారంటే వేళ్లను లోపలికి లాగేస్తుంది. ఆర్నెల్లు దీంతో కుస్తీ పట్టాలి."

ఆ కుస్తీకి ఆయుధం స్ప్లింట్. ఫిజియోథెరపిస్టు సమీనా, మా పక్కనే బార్కస్‌లో ఉండే అమ్మాయి, ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి నా చేతికి సరిగ్గా అచ్చు తీసింది. వేళ్లు చాచి ఉంచేలా మూడు పట్టీలు. "చాచా, స్నానం, ఎక్సర్‌సైజ్ తప్ప ఎప్పుడూ తియ్యొద్దు" అంది. తీసిన నిమిషాలు, పెట్టిన నిమిషాలు డైరీలో ఎడమచేత్తో రాసుకున్నాను.

మే నెలలో రాజలింగం కూతురి పెళ్లి. అతనికి అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఇంటి పెద్దగా నేను అక్షింతలు వేయాలి.

"కుడిచేతికి గా కట్టేంది బావా? అక్షింతలు గట్లనే ఏస్తరా? ఒక్క గంట తీసియ్యి" అన్నాడు. తీసి అతని చేతికే ఇచ్చాను. మర్నాడు సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. "సబ్బు పెట్టి కడిగిచ్చిన, మస్తు తెల్లగైంది" అన్నాడు.

ఆ రోజు డైరీలో ఉంది: 'స్ప్లింట్ కొంచెం వదులుగా ఉంది. వాపు తగ్గి ఉండవచ్చు.' రాసుకున్నాను గానీ ఎవరినీ అడగలేదు. ఇందులో నా తప్పు అదొక్కటే, దాన్ని కూడా అతని ఖాతాలోనే వేశాను.

జూన్ చివరికి ఏడు మిల్లీమీటర్లు పదిహేనయ్యాయి. పెన్ను పట్టుకుంటే అరచేయి చిరుగుతున్నట్టుండేది. డాక్టరు చూసి, "మీరు స్ప్లింట్ పెట్టుకోవట్లేదండీ. పెద్దవాళ్లు, నిజం చెప్పండి" అన్నారు. డైరీ తెరిచి చూపించాను. ఆయన నమ్మలేదు. నా రాతను ఒకరు అబద్ధమనుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

సమీనా మాత్రం స్ప్లింట్ తీసుకుని వెలుగులో తిప్పింది. "చాచా, ఇది నేను చేసిన షేప్ కాదు. ఎవరో మళ్లీ వేడి చేసి వంచారు. లోపల చూడండి."

లోపల ఉంగరం రాయి ఒత్తుకున్నట్టు నలుచదరంగా చిన్న గుంట. ఎవరి వేలి ఉంగరమో నాకు వెంటనే తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆ పుష్యరాగం నా బల్ల మీదే టీ కప్పు పట్టుకుంటోంది.

ఆ స్ప్లింట్‌ను పారేయకుండా బీరువాలో దాచాను. జూలైలో కాంట్రాక్చర్ రిలీజ్ చేశారు. ముడుచుకున్న చర్మం కోసి, పొత్తికడుపు నుంచి ఈసారి మందంగా ఫుల్ థిక్‌నెస్ గ్రాఫ్ట్ తెచ్చి కుట్టారు. మూడు వారాలు వేళ్లు వంగకుండా లోపల తీగలు. మంట పుట్టినప్పుడల్లా ఆ గుంటను తలుచుకున్నాను. నొప్పి మాత్ర కంటే బాగా పనిచేసింది.

ఆగస్టు 31, ఆదివారం. హాజరు: నేను, అనసూయ, రాజలింగం, అతని కూతురు, అల్లుడు. భోజనాలయ్యాక పాత స్ప్లింట్ తెచ్చి పప్పు గిన్నె పక్కన పెట్టాను.

"రాజలింగం, నీ ఉంగరం గీ గుంతల పెట్టు."

పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

"ఏంది బాపు ఇది?" అంది కూతురు.

"పెండ్లి లొల్లిల కారు డ్యాష్‌బోర్డు మీద మర్సిపోయిన బిడ్డా. ఎండకు మెత్తగై వంగిపోయింది. అక్క తిడ్తదని వేడినీళ్లల్ల ముంచి, చపాతి కర్రకు సుట్టి వంచిన. మాఫ్ చెయ్యి బావా."

"ఆయన చెయ్యి రెండోసారి కోసిన్రు. నువ్వు పండ్లు పట్టుకొచ్చి చూసిపోయినవ్ తమ్మీ" అంది అనసూయ.

"మాఫీ లేదు" అన్నాను. "రేపటి నుంచి ఆర్నెల్లు పొద్దుగాల ఎనిమిదిన్నరకు వస్తవు. సమీనా చెప్పినట్టు ఒక్కో వేలు సాగదీస్తవు. స్ప్లింట్ కడ్తవు."

"గది దుకాణం తెరిసే టైము బావా! దీపం, బోణీ నా చేతుల మీద..."

తెలుసు. దుకాణం పెట్టిన నాటి నుంచి అతను బోణీ ఇంకొకరి చేతికి వదల్లేదు. అందుకే ఆ టైము ఎంచుకున్నాను.

ఇప్పుడు సందు రెండు మిల్లీమీటర్లు. కుడిచేత్తో పావు పేజీ రాయగలను. మిగతాది ఎడమచేయి. చదివేవారికి నేను చెప్పేది ఇంతే: స్ప్లింట్‌ను ఎండలో, కారులో ఉంచకండి, మరొకరి చేతికి ఇవ్వకండి. తయారైన రోజే ఫోటో తీసుకోండి. ఏమాత్రం వదులనిపించినా రాసుకుని ఊరుకోకుండా ఆ రోజే థెరపిస్టుకు చూపించండి.

సెప్టెంబరు 1, సోమవారం, మొదటి రోజు. ఉదయం ఎనిమిదీ ఇరవైకే రాజలింగం వచ్చాడు. తాళాలు గుమాస్తాకు ఇచ్చి వచ్చానన్నాడు. నా చేయి ఒళ్లోకి తీసుకున్నాడు. వేలికి ఉంగరం లేదు. అది ఉండే చోట చర్మం తెల్లగా ఉంది.

"ఉంగరమేది?"

"తీసేసిన బావా. చూస్తే నీకు కోపమొస్తదని."

"రేపు పెట్టుకొని రా. నాకు కనబడాలె."

తల వంచుకుని బొటనవేలు సాగదీశాడు. అతని జేబులో ఫోను మోగింది. దుకాణం నుంచి. చెయ్యి జేబు దాకా వెళ్లింది.

"ఎత్తకు" అన్నాను. "ఇంక నాలుగు వేళ్లున్నయి."