శనివారాల జడ్జి ఆంటీ

జడ్జి ఆంటీ పోయారన్న కబురు నాకు మా అమ్మాయి చెప్పింది. రెండు వీధుల అవతల ఉండే మనిషి పోతే, ఆ మాట వేరే రాష్ట్రంలో చదువుకుంటున్న పిల్ల దగ్గర్నించి రావడమేమిటని ముందు నాకు కోపం వచ్చింది. "అమ్మా, ఆంటీ మార్నింగ్ హాస్పిటల్‌లో పోయారంట. మా ఓల్డ్ డిబేట్ గ్రూప్‌లో వాళ్ళబ్బాయి మెసేజ్ పెట్టాడు. నువ్వు ముందు కూర్చో," అంది. కూర్చున్నాను. డిష్‌వాషర్ తలుపు సగం తెరిచే ఉంది. దాన్ని మూయబుద్ధి కాలేదు. చాలాసేపు అందులోంచి వచ్చే ఆవిరిని చూస్తూ ఉండిపోయాను.

ఆమె ఏ కోర్టులోనూ జడ్జి కాదు. అమెరికాలో మేముండే ఈ కాపెల్ ఊళ్ళో మన తెలుగు పిల్లలు చాలామంది హైస్కూల్లో డిబేట్‌లో చేరతారు. శనివారం వస్తే చాలు, నల్ల సూట్లు తొడుక్కుని ఏదో ఒక ఊరి స్కూలుకి పోతారు. అక్కడ ఒక క్లాస్‌రూమ్‌నే అమెరికన్ కాంగ్రెస్ అనుకుంటారు. ఒక పిల్ల అధ్యక్షురాలై, అంటే 'చైర్' అయి, చెక్క సుత్తి పట్టుకుంటుంది. చైర్ పిలిస్తేనే ఎవరైనా లేచి మాట్లాడాలి. మిగతావాళ్ళు ఒక తీర్మానం మీద ఒకరి తర్వాత ఒకరు లేచి, ఒకరు అవునని, ఒకరు కాదని మాట్లాడతారు. మాట్లాడే హక్కు, తుపాకీ హక్కు, వారంట్ లేకుండా పోలీసు ఇంట్లోకి రావచ్చా లేదా - టీవీలో పెద్దవాళ్ళు గొంతులు చించుకునే సంగతులన్నీ ఈ పిల్లలు 'గౌరవ సభ్యులు' అని పిలుచుకుంటూ తేల్చుకుంటారు. వీళ్ళకి ర్యాంకులు ఇవ్వడానికి తల్లిదండ్రులే జడ్జీలుగా రావాలి. ఏ స్కూలు జడ్జీలని తేలేకపోతే ఆ పిల్లలు ఇంటికే. ఈ ముక్క చెవిన పడగానే మనవాళ్ళందరికీ శనివారం పనులు పుట్టుకొచ్చేవి. మా ఆయనకి లాన్ మీద అంత ప్రేమ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆంటీకి మాత్రం ఏ పనీ పుట్టుకురాలేదు. వాళ్ళబ్బాయి స్కూలు అయిపోయి, ఉద్యోగంలో చేరి, పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఆమె మాత్రం ఎవరెవరి పిల్లల కోసమో వెళ్తూనే ఉన్నారు. ఎందుకండీ అంటే, "ఇంట్ల కూసుండి ఏం జేయాలె? ఆడికి పోతే ఎవరన్న మాట్లాడుతుంటే వినొచ్చు," అనేవారు. కరీంనగర్ నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా ఆ యాస చెక్కు చెదరలేదు.

మొదటిసారి జడ్జిగా వెళ్ళినప్పుడు ఆమె చేసిన నిర్వాకం మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. గదిలో ఉన్న పిల్లలందరికీ ఫస్ట్ ర్యాంకే ఇచ్చేశారు. పేరంటంలో తాంబూలాలు పంచినట్టు! ర్యాంకులు కలిపే ఆఫీసువాళ్ళు పిలిచి, అలా కుదరదమ్మా, ఒకరి తర్వాత ఒకరిని పెట్టాలి అని చెప్పారు. "అందరు మంచిగనే చెప్పిన్రు. ఒకర్ని తక్కువ ఎట్ల రాయాలె?" అని ఆమె ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లోకి వచ్చి నిలబడిపోయారట. ఆ తర్వాత ఆమే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరు బాగా మాట్లాడారని కాదు, తన ముందు మాట్లాడినవాళ్ళ మాట ఎవరు విన్నారని చూసేవారు. "గెలిచినోళ్ళని అందరూ చూస్తరు. విన్నోళ్ళని నేను చూస్త," అనేవారు.

వినేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. కిటికీ పక్కన, ఆఖరి వరసలో, శాలువా కప్పుకుని. కొత్త పిల్లలు ఆమె నిద్రపోతోందనుకుని గొంతు పెంచేవారు. "చెవులకి రెప్పలుండవు బిడ్డా, మెల్లగనే చెప్పు," అనేవారు, కళ్ళు తెరవకుండానే.

ఒకసారి ఒక తండ్రి, మనవాడే, లంచ్ టేబుల్ దగ్గర ఆమెని కాస్త వెటకారంగా అడిగాడు. ఆమెకి గ్రీన్ కార్డే, సిటిజన్‌షిప్ తీసుకోలేదని అందరికీ తెలుసు. "మీకు ఇక్కడ ఓటే లేదు కదండీ, వాళ్ళ రాజ్యాంగం మీద మీరేం జడ్జ్ చేస్తారు?" అన్నాడు. ఆమె అటుకుల పులిహోర డబ్బా మూత తీసి ముందు అతనికే పెట్టారు. "వినేటందుకు ఓటెందుకు?" అన్నారు. అతను ఆ పులిహోర తిన్నాడు గాని, తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డిబేట్ టోర్నమెంట్‌కి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి ఒక సంగతి చెబితే నమ్మరు. రౌండ్ మొదలయ్యే ముందు పిల్లలు గోడలతో మాట్లాడతారు. పొడవాటి కారిడార్, ఇంకా సరిగా తెల్లవారని వెలుగు, లాకర్ల వరస. ఆ వరస పొడుగునా నల్ల సూట్లు వేసుకున్న పిల్లలు గోడకి మొహం పెట్టి, చేతులు కదుపుతూ, ఎవరి ప్రసంగం వాళ్ళు గొణుక్కుంటూ ఉంటారు. అన్ని గొంతులూ కలిసి దూరంగా వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆంటీ ఆ వాన మధ్యలోంచి చాలా నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా నడిచేవారు. ఆమె పక్కన నడుస్తుంటే నేనింకా నిద్ర లేవలేదేమో అనిపించేది. "ఈ గోడలకి ఎంత రాజ్యాంగం వచ్చో చూడు," అన్నారొకసారి నా చెవిలో.

మొన్న ఫ్యూనరల్ హోమ్‌కి ఆ పిల్లలు చాలామంది వచ్చారు. ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, మీసాలు వచ్చినవాళ్ళు. ఆమె గురించి రెండు మాటలు చెప్పమని వాళ్ళాయన అడిగితే, ఒకబ్బాయి హాలు బయటికెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. నాకు అక్కడే మొదటిసారి ఏడుపు వచ్చింది.

మా అమ్మాయి ప్రసంగం మాత్రం ఆంటీ ఏళ్ళ తరబడి వినలేదు. ఎవరి స్కూలు పిల్లలకి వాళ్ళు జడ్జిగా ఉండకూడదని రూలు. అందుకని పొద్దున్నే మా పిల్లల్ని కార్‌లో తీసుకెళ్ళి, రోజంతా వేరే ఊళ్ళ పిల్లల్ని విని, సాయంత్రం మళ్ళీ మా పిల్లల్ని తీసుకొచ్చేవారు. చివరికి మా అమ్మాయి ఆఖరి ఏడాదిలో ఒక పెద్ద టోర్నమెంట్ ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్‌ని ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆంటీ జడ్జి బ్యాడ్జి తీసి బ్యాగ్‌లో వేసుకుని, నా పక్కన మామూలు మనిషిలా కూర్చోవడానికి వచ్చారు.

ఆ రోజు తీర్మానం, ఇక్కడ పుట్టినవాళ్ళంతా పౌరులే అనే పద్నాలుగో సవరణని మార్చాలని. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతో పౌరులు కాకూడదని. అప్పట్లో టీవీ పెడితే అదే చర్చ. నెలలు నిండుతున్న మన అమ్మాయిలు ఆ వార్తలు చూసి అన్నం మానేసిన రోజులు. ఫైనల్ మొదలవడానికి కాసేపటి ముందు మా అమ్మాయి కారిడార్‌లో మా దగ్గరికి వచ్చింది.

"అందరూ అపోజ్ చేస్తాం అంటున్నారు. సపోర్ట్ చేసేవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు. అలా అయితే డిబేటే ఉండదు. నేను ఫ్లిప్ చేస్తున్నా, సపోర్ట్ సైడ్‌కి వెళ్తున్నా," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పుట్టినప్పుడు మేము హెచ్ వన్ వీసా మీదే ఉన్నాం. కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా?" అన్నాను.

"తెలుసమ్మా," అంది, చల్లగా.

ఆంటీ అయినా వారిస్తారని అటు చూశాను. "పోనియ్యమ్మా," అన్నారు ఆమె. "అవతలోని మాట వానికంటే మంచిగ చెప్పొస్తేనే, మన మాట ఏందో మనకి ఎరుకైతది."

మా అమ్మాయి చాలా బాగా చెప్పింది. అదే నా బాధ. తడబాటు లేదు, కోపం లేదు. ఒక దేశం తన మనుషులెవరో తనే నిర్ణయించుకోవాలి, విమానం టికెట్టు తేదీ నిర్ణయించకూడదు అంది. వింటున్న తల్లిదండ్రుల్లో కొందరు తలలూపారు. ప్రశ్నల టైమ్‌లో ఒకబ్బాయి లేచి, ఈ తీర్మానం ముందే ఉండి ఉంటే గౌరవ సభ్యురాలు పౌరురాలు అయి ఉండేవారా అని అడిగాడు. "నో," అంది మా అమ్మాయి. "దానివల్ల నా వాదన తప్పయిపోదు," అంది. కాదని మాట్లాడినవాళ్ళంతా ఆ దెబ్బకి తికమకపడ్డారు. ఫస్ట్ ప్రైజ్ మా పిల్లకే వచ్చింది.

నాకు ఆంటీ మీద ప్రేమ ఎప్పట్నించో ఉంది. కానీ ఆమెకి నేను నిజంగా రుణపడిపోయింది ఆ సాయంత్రమే.

ఇంటికి ఆమే డ్రైవ్ చేశారు. నేను ముందు సీట్లో, అమ్మాయి వెనక. హైవే మీద ఎండ వాలి, అద్దాలన్నీ పసుపు రంగు తిరిగాయి. కాసేపటికి వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, ఒకవేళ నేను చెప్పిందే కరెక్ట్ అయితే?"

తిరిగి చూస్తే ఏడుస్తోంది. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా లేదు. నేను నోరు తెరిచాను. ఆంటీ స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి ఎత్తారు. "నిన్ను చైర్ పిలవలేదు. కూసో," అన్నారు. నేను కూర్చునే ఉన్నాను.

"బిడ్డా, ఇయ్యాల అవతలి దిక్కు ఎవ్వరూ సక్కగ చెప్పలే," అన్నారు. "నువ్వు చెప్పు. తెలుగుల చెప్పు."

"టైమ్ ఎంత?"

"టైమ్ లేదు. నీ ఇష్టం."

అది సూటు చేతితో మొహం తుడుచుకుంది. తర్వాత మా అమ్మాయి మొదలుపెట్టింది. దానికి వచ్చిన తెలుగులో, ఒక్కో మాట వెతుక్కుంటూ. "నేను పుట్టినప్పుడు నర్స్ మా అమ్మ పేపర్స్ చూడలేదు, ఆంటీ. నా వెయిట్ చూసింది. నేను ఏడ్చానా లేదా చూసింది. అంతే. రైట్‌ని తెలుగులో ఏమంటారు?"

"హక్కు."

"ఆ, హక్కు. అందరూ మీ పేరెంట్స్ ఎక్కడ్నించి వచ్చారు అని అడుగుతారు. వాళ్ళు వచ్చారు. ఓకే. కానీ నేను రాలేదు, ఆంటీ. నేను ఎక్కడ్నించీ రాలేదు. నేను ఇక్కడే స్టార్ట్ అయ్యా."

హైవే మీంచి మా ఊళ్ళోకి దిగే ఎగ్జిట్ వచ్చింది. ఆంటీ ఇండికేటర్ వేయలేదు. మేము రోజూ చూసే షాపులు, నీళ్ళ ట్యాంకు, ఇళ్ళ కప్పులు మెల్లగా పక్కనుంచి జరిగిపోయాయి. నేను ఆమె వైపు చూశాను. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తలూపుతున్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి ఇంకా చెబుతూనే ఉంది. ఆ తర్వాతి ఎగ్జిట్ కూడా దాటిపోయింది.