మిగతా ముప్పై మూడు

మా డాక్టరమ్మ నోరు తెరిస్తే శాతాలే. వాన పడుతుందా అన్నా శాతమే, లిఫ్టు వస్తుందా అన్నా శాతమే. ఒకసారి తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతే, "నలభై శాతమే అనుకున్నాను" అని ముక్కు తుడుచుకుంది. ఆసుపత్రిలో అందరూ ఆవిడని శాతాలమ్మ అనేవారు, ఆవిడ ఎదురుగా తప్ప.

మా అమ్మాయికి మొదటి కాన్పు ఆపరేషన్. రెండోదైనా మామూలుగా జరగాలని దాని పట్టుదల. పాత కుట్టు లోపల విచ్చుకుంటేనో అని నా గుండెదడ. శాతాలమ్మ దాని వయసు, ఎత్తు, బరువు రాసుకుంది.

"మొదటిసారి ఎందుకు కోశారు?"

"బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందండీ."

"ఇప్పుడు తల కిందికే ఉంది. మంచిదే." కాసేపు లెక్క కట్టి తలెత్తింది. "మామూలు కాన్పుకి అరవై ఏడు శాతం."

"డెబ్భై చెయ్యండమ్మా," అన్నాను.

"ఇదేమన్నా కూరగాయల బేరమా పెద్దాయనా?"

"పోనీ, అరవై ఎనిమిది?"

"నాన్నా, నువ్వు ఒంటిగంట బీపీ మాత్ర వేసుకుని బయట కూర్చో!" అంది మా అమ్మాయి.

కూర్చున్నాను గానీ కుదురేదీ? వందమందిలో అరవై ఏడుగురు గట్టెక్కుతారు, సరే. మిగతా ముప్పైముగ్గురిలో మా పిల్ల ఉంటే? ఆనాటి నుంచి వరండాలో ప్రతి మూడో కుర్చీ వదిలేసి కూర్చునేవాణ్ణి. మూడోదాంట్లో కూర్చున్న ఒకాయన్ని లేపేశాను కూడా.

నొప్పులు తెల్లవారుతూనే మొదలయ్యాయి. శాతాలమ్మ అరగంటకోసారి కాన్పు గదిలోంచి బయటికి రావడం, జేబులోంచి చీటీ తీసి ఏదో గీకడం, లోపలికి పోవడం.

"ఇప్పుడెంతమ్మా?"

చీటీ మడిచి జేబులో పెట్టుకుంది.

"ఉజ్జాయింపుగా?"

తలుపు వేసుకుని లోపలికి పోయింది. తుమ్ముకి కూడా శాతం చెప్పే మనిషి నోట అంకె రాకపోయేసరికి చూసుకోకుండా వెళ్ళి మూడో కుర్చీలోనే కూర్చున్నాను.

"ఆవిడ్ని పని చేసుకోనివ్వండి," అంది మా ఆవిడ.

ఒంటిగంటకి నర్సు వచ్చి నా చేతిలో బీపీ మాత్ర, మంచినీళ్ళు పెట్టింది. నేను మర్చిపోయిన సంగతి ఈ పిల్లకెలా తెలిసిందబ్బా అనుకుంటూ మింగాను.

నాలుగింటికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ఊరంతా ఉలిక్కిపడేంత ఏడుపు, ఒట్టు.

"మామూలు కాన్పే. మనవరాలు. తల్లీ బాగుంది," అంటూ శాతాలమ్మ వచ్చి, చీటీ బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుంటోంది. పరాయి చీటీ చదవకూడదని చిన్నప్పుడు కాన్వెంటు బళ్ళో సిస్టర్లు బెత్తంతో మరీ నేర్పారు. అయినా చదివాను. ఒక్క లెక్కా లేదు.

"రెండో ఆపరేషన్ గది ఖాళీగా ఉంచాలి. మత్తు డాక్టరు కదలకూడదు. రక్తం రెండు యూనిట్లు సిద్ధం. ఒంటిగంటకి తాతగారి మాత్ర."

"ఇందులో శాతాలేవమ్మా?"

"అరవై ఏడు మీ అమ్మాయి చూసుకుంది. మిగతా ముప్పై మూడు ఎవరు చూసుకోవాలి మరి?" అని చీటీ లాక్కుంది.

నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. దానికి ఇబ్బందిపడి కాబోలు, నర్సు తెచ్చిన పసిదాన్ని పరకాయించి చూసి, "తాత పోలిక వచ్చే అవకాశం నాలుగు శాతం," అంది.

మా ఆవిడ కంగారుగా ముందుకొచ్చింది. "ఆ నాలుగు శాతానికి కూడా ఏదైనా మందుంటే రాసివ్వండి డాక్టరమ్మా!"