ఇసుకలో ఆగిన తాబేలు

నా చిన్నప్పుడు, మేము దోహాలో ఉండగానే మా అమ్మ పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊళ్లో కర్మలన్నీ ముగించుకుని నాన్నా నేనూ తిరిగి దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని అద్దె ఇంటికి వచ్చేశాం. నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా దగ్గరకు తీసుకుని, ఏడ్చేయమ్మా, బరువు దిగుతుంది అనేవారు. నాన్నా అదే మాట. నేను వాళ్ల చొక్కా గుండీలు చూస్తూ నిలబడేదాన్ని. ఏం తిన్నా చప్పగా ఉండేది. తినకపోయినా ఆకలి తెలిసేది కాదు.

మా పక్కింట్లో నిజామాబాద్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను ఖాలా అని పిలిచేదాన్ని, పిన్ని అన్నట్టు. ఒక శుక్రవారం వేకువనే ఆవిడా, ఆవిడ భర్తా మమ్మల్ని కారులో ఉత్తరాన సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లారు.

అక్కడ నీళ్లకు బాగా ఎడంగా ఒక పెద్ద తాబేలు కదలకుండా పడి ఉంది. రాత్రి గుడ్లు పెట్టి వెళుతూ మధ్యలో ఆగిపోయినట్టుంది. చుట్టూ జనం మూగారు. ఒకాయన సీసాతో నీళ్లు పోస్తున్నాడు. ఇంకొకాయన యల్లా, యల్లా అని, పద పద అన్నట్టు, వెనక నుంచి తోస్తున్నాడు. నాన్న కూడా జాలిపడి, ఎత్తబోయి వంగాడు.

"వద్దు తమ్మీ, ముట్టకు," అంది ఖాలా.

"ఎండెక్కితే చచ్చిపోతుందేమో అక్కా. నీళ్లలో వదిలేద్దాం."

"అలిసిపోయింది గంతే. ఊపిరి తీసుకుంటుంది చూడు. పాణం కుదుటపడ్డంక అదే పోతది. జర దూరం జరుగుండ్రి."

మిగతావాళ్లకు ఉర్దూలో అదే చెప్పి వెనక్కి జరిపింది. తాబేలు దారికి అడ్డం రాకుండా ఒక పక్కన కూర్చుంది. నేనూ వెళ్లి కూర్చున్నాను. ఖాలా నాతో ఏమీ మాట్లాడలేదు. తల నిమరలేదు. పొద్దెక్కుతోంది. నాన్న లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. చాలాసేపటికి తాబేలు ముందుకు జరిగింది. మళ్లీ ఆగింది. నాన్న మళ్లీ లేచాడు. ఖాలా చేత్తో ఆగమంది. అలా ఆగుతూ, ఈడ్చుకుంటూ అది నీళ్లను చేరింది. అల వచ్చి కప్పేశాక మరి కనబడలేదు.

"పోయింది," అంది ఖాలా.

నాకు సంతోషం కూడా కలగలేదు. కానీ ఆ రోజు తర్వాత నాన్న నన్ను ఎప్పుడూ ఏడవమనలేదు. ఏడుపు ఎండాకాలం సెలవుల్లో వచ్చింది, ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే. నాన్న తినడం ఆపి, ఎదురుగా కూర్చునే ఉన్నాడు.

ఇప్పటికీ చావు జరిగిన ఇంటికి వెళితే నేను ఓదార్పు మాటలు చెప్పను. రాయిలాంటి మనిషని కొందరు అనుకుంటారని తెలుసు. కాస్త ఎడంగా కూర్చుంటాను. వాళ్లు లేచేదాకా లేవను.