మెర్టన్ మరచిన పలక

గ్రిండిల్ కోవ్‌లో మెర్టన్ బీల్‌ని ఎవరూ ఉత్త మెర్టన్ అనరు, రైలు మెర్టన్ అంటారు. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపినవాడికి రైలు పేరు అంటుకోవడం విడ్డూరమే. కానీ ఆయన చేసిన పని అలాంటిది. ఏటా మార్చిలో ఊరంతా టౌన్‌హాల్లో కూర్చుని చేతులెత్తి ఓట్లు వేసే రోజున, మంచు ఎత్తే లారీ సంగతి తేలగానే లేచి నిలబడేవాడు. "వేసవి రైలు మాటేమిటి?" అనేవాడు. తొమ్మిదేళ్ళు అదే మాట. రొయ్య పీతల పడవ నడిపే హాలిస్ వెనక బెంచీలోంచి అందుకునేవాడు.

"ఒరేయ్, నీ రైలొచ్చేసరికి మనల్ని మోసుకొచ్చి ఎక్కించాల్రా."

ఊరు నవ్వేది. మెర్టన్ నవ్వేవాడు కాదు. ఆయనకు రైలు కావాల్సింది ఊరి కోసం కాదు, వేసవి కాపురాలకు వచ్చే నగరం వాళ్ళ కోసం అసలే కాదు. అక్క కోసం.

ఆ సంగతి యాభై నాలుగేళ్ళ నాటిది. తండ్రి హెర్మన్ బీల్ ఈ ఊరి స్టేషన్లో మాస్టరు. చిన్న స్టేషన్ కాబట్టి ప్రతి బండీ ఆగేది కాదు. దిగేవాళ్ళు కండక్టరుకు చెప్పుకోవాలి. ఎక్కేవాళ్ళుంటే ప్లాట్‌ఫాం స్తంభానికి ఆకుపచ్చ, తెలుపు రంగుల రేకు పలక తగిలించాలి. రెండూ లేకపోతే డ్రైవరు కూత వేసి దాటిపోతాడు. ఒక ఆగస్టులో తండ్రి జ్వరంతో పడుకుని పలక కొడుకు చేతికిచ్చాడు. ఆ రోజే అక్క ఆర్డిస్ పెట్టెతో ప్లాట్‌ఫాం మీద నిలబడింది. హోటల్ బ్యాండులో ట్రోంబోన్ ఊదే కుర్రాణ్ణి చేసుకోబోతోంది. సాయంత్రం నాలుగింటికి నగరంలో పెళ్ళి. తల్లి పోయి అప్పటికి ఏడాది. అక్క కూడా పోతే ఇంట్లో మాట్లాడే దిక్కుండదని పద్దెనిమిదేళ్ళ మెర్టన్ పలకని వీపు వెనక దాచాడు.

బండి వెళ్ళిపోయింది. ఆర్డిస్ అరవలేదు, ఏడవలేదు. "ఈ ప్లాట్‌ఫాం మీద రైలు ఆగాలి, పలక నువ్వే పెట్టాలి. అప్పుడే మళ్ళీ ఇక్కడ దిగుతాను" అంది. పెట్టె పుచ్చుకుని పట్టాల వెంట పక్క స్టేషనుకు ఎనిమిది మైళ్ళు నడిచింది. పెళ్ళి వారం తర్వాత జరిగింది. ఆ శీతాకాలం రాకముందే ఈ దారిలో జనం ఎక్కే బళ్ళన్నీ ఎత్తేశారు. తప్పు దిద్దుకుందామన్నా మెర్టన్‌కు రైలే లేకుండా పోయింది. తండ్రి పోయినప్పుడు నగరం నుంచి పూలు వచ్చాయి, మనిషి రాలేదు.

పదో ఏట రైలు కంపెనీ ఒప్పుకుంది. జూన్ నుంచి వేసవి అంతా శని, ఆదివారాలు. గ్రిండిల్ కోవ్‌లో పాత పద్ధతే, పలక పెడితే ఆగుతుంది. మెర్టన్ అక్కకు ఉత్తరం రాశాడు. జవాబుగా కార్డు వచ్చింది. "మొదటి శనివారం వస్తున్నా. పలక నువ్వే పెట్టు." ఆ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, అటక మీది పలక దింపి మూడు పూతలు రంగు వేశాడు.

ఇక ఆ శనివారం. ప్లాట్‌ఫాం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చర్చి ఆడవాళ్ళు బ్లూబెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పైలు పరిచారు. బడి బ్యాండు వాయిస్తోంది. చివరి స్టేషను దాకా పదకొండు మైళ్ళు షికారు వెళ్ళాలని నలభై మంది టికెట్లు కొని నిలబడ్డారు. ఊరి పెద్ద, లూయిస్ అనే ఆవిడ, చంటిపిల్లాణ్ణి లాక్కెళ్ళినట్టు మెర్టన్‌ని ముందుకు లాక్కెళ్ళి, చేతిలో కత్తెర పెట్టింది.

"రిబ్బను మీరే కత్తిరించాలి మెర్టన్ గారూ. మీరు కాకపోతే ఇంకెవరు?"

ఆయన కళ్ళు చెమర్చాయి. పలకని పాత న్యూస్‌పేపర్లో చుట్టినది చుట్టినట్టే కుర్చీ కింద పెట్టి, కత్తెర పట్టుకుని నిలబడ్డాడు.

కూత వినిపించింది. మలుపు తిరిగి ఇంజను కనిపించింది. జనం చేతులు ఊపారు. నగరం నుంచి ఇక్కడిదాకా దారి పొడుగునా ప్రతి గేటు దగ్గరా జనం అలాగే ఊపుతున్నారు కాబట్టి డ్రైవరు కూడా చెయ్యి ఊపాడు. రెండోసారి కూత వేశాడు. అది ఆగే కూత కాదు, దాటే కూత. మెర్టన్‌కు అది తెలిసేసరికి ఇంజను రిబ్బను పక్కనుంచి వెళ్ళిపోతోంది.

పెళ్ళి సందడిలో పుస్తె కట్టడం మరిచారంటే విని నవ్వడమేగానీ, అది తన చేతుల మీదుగా జరిగితే ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. రెండో పెట్టె కిటికీలో ఒక తెల్లజుట్టు ముసలామె. నాలుగు గజాల దూరం. ఆమె ఆయన్ని చూసింది. బండి పోయింది.

బ్యాండు ఎక్కడికక్కడ ఆగిపోయింది. నలభై టికెట్ల వాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెర్టన్ కదల్లేదు, కత్తెర తెరిచినది తెరిచినట్టే ఉంది. హాలిస్ మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"పదరా, నా ట్రక్కులో వెళ్ళి మీ అక్కని తీసుకొద్దాం. పదకొండు మైళ్ళేగా."

"ట్రక్కులో రాదురా. రెండోసారి కూడా కావాలనే చేశాననుకుంటుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

జనం పైలు తిని ఇళ్ళకు వెళ్ళారు. మెర్టన్ పలకని స్తంభానికి తగిలించి, దాని కిందే కూర్చున్నాడు. హాలిస్ తెచ్చిన ఎర్ర సాసేజి బన్ను ఒళ్ళోనే చల్లారింది. సాయంత్రం ఆరింటికి తిరుగు బండి వచ్చింది. ఈసారి ఆగింది. మెట్ల మీద కండక్టరమ్మాయి నిలబడి ఉంది.

"మా అక్క దిగాలమ్మా. ఆర్డిస్ అని."

"దిగుతామని ఎవరూ చెప్పలేదు తాతగారూ. పలక చూసి ఆపాం. ఎక్కేదెవరు?"

మెర్టన్ స్తంభం మీది పలక వైపు చూశాడు. దిగేవాళ్ళ కోసమే ఎదురుచూశాడు గానీ ఎక్కే సంగతి ఆయన తలలోకి రాలేదు. టికెట్టు లేదు, సంచి లేదు. "నేనే" అన్నాడు.

రెండో పెట్టెలో ఆర్డిస్ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, మరిచిపోయాను. నాన్న మీద ఒట్టు."

"తెలుసు. ఆనాడు పలక వీపు వెనక పెట్టుకుని నేలచూపులు చూశావు. ఇవాళ కిటికీలోంచి నీ మొహం చూశానుగా. కత్తెర పట్టుకుని, నోరు తెరుచుకుని, చిన్నప్పుడు బడిలో నిక్కరు తడుపుకున్నప్పుడు ఉన్నట్టే ఉన్నావు. కావాలని చేసినవాడికి ఆ మొహం రాదురా."

"మరి కండక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే నా మాటకి ఆగేది. నువ్వు ఆపుతావో లేదో నాకెలా తెలియాలి?"

బండి కదిలింది. స్తంభానికి పలక, దాని కింద కళ్ళప్పగించి చూస్తున్న హాలిస్ వెనక్కి వెళ్ళిపోయారు. ఆర్డిస్ పక్క సీటు మీది కోటు తీసింది.

"కూర్చో. మా ఇల్లు నువ్వెప్పుడూ చూడలేదుగా, రాత్రికి ఉండు. రేపు పొద్దున్న బండికి ఇద్దరం వద్దాం."

"రేపు పలక ఎవరు పెడతారక్కా?"

"అక్కర్లేదు" అంది ఆర్డిస్. "కండక్టరుకు నేను చెబుతాను."