కొనుక్కున్న కెరటాలు

నాది బొబ్బిలి. పెళ్లయ్యాక సముద్రం ఒడ్డున, చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. నీళ్లంటే నాకు భయం. కెరటాల్లో ఆడతానని నా ఐదేళ్ల కూతురు రోజూ ఏడ్చినా ఒక్కసారీ దిగనివ్వలేదు. చివరికి ఒక ఆదివారం విశాఖ దగ్గరున్న వాటర్ పార్కుకు తీసుకెళ్లాను. అక్కడ మిషను పెట్టి కెరటాలు తెప్పించే కొలను ఉందనీ, కాపలావాళ్లు ఉంటారనీ విన్నాను. అత్తమ్మ కూడా మాతో వచ్చింది.

టికెట్ల ధర విని ఆమె బుగ్గలు నొక్కుకుంది. "ఏటే కోడలా, డబ్బులెట్టి కెరటాలు కొనుక్కుంతావా? మనింటి ముంగట సంద్రం ఎండిపోనాదేటి?"

"ఇక్కడ లోతుండదు అత్తమ్మా," అన్నాను.

లోతు లేదు, చోటు కూడా లేదు. కెరటాలు మొదలవుతున్నాయని సైరన్ మోగగానే జనమంతా కొలనులోకి తోసుకొచ్చారు. పాప చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. వంగి వెతికితే ఎటు చూసినా నడుములే. అత్తమ్మ చీర ఎగ్గట్టి, జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వెళ్లి దాన్ని పైకెత్తింది.

"ఇదిగోనే నీ బిడ్డ. సంద్రంలో అయితే ఎవుడూ తొక్కడే!"

పాప ఏడవలేదు. చుట్టూ చూసి, "అమ్మా, కెరటం ఏదీ?" అంది. జనం మధ్య దానికి ఒక్కటీ కనిపించలేదు.

మిగతా పూటంతా లైన్లలోనే గడిచింది. పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. సముద్రంలో ఆడతానని పాప మళ్లీ అడిగింది. ఈసారి వద్దనలేకపోయాను. ఒక చెయ్యి అత్తమ్మ పట్టుకుంది, రెండోది నేను పట్టుకున్నాను. కెరటం వచ్చి దాని మోకాళ్లను తాకినప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాను గానీ, పాపను వెనక్కి లాగలేదు.